తలంబ్రాల పొద

గత దసరా సెలవులలో మేము మైసూరునుండి ఉదకమండలమునకు బోవుచు బందీపురపు టడవిని దాటితిమి. దారి కిరుప్రక్కల పసుపు, నారింజ, గులాబి వన్నెల పూగుత్తులు కన్నులపండువుగా నుండెను. మన కంచెలలోని తలంబ్రాల చెట్టే యది. లాంటానా యనియు నందురు. నేను మురియుచుండగా మావారు, "పూలను గాదు, పొదక్రింది నేలను జూడుము" అనిరి. చుట్టును మహావృక్షము లున్నవి. వాని పిల్లమొక్క యొక్కటియు నాకు గానరాలేదు.

ఉష్ణ అమెరికాకు జెందిన యీ పొద 19వ శతాబ్దారంభమున అందమునకై మన దేశమునకు దేబడినది. దీని యాకులు రాలి క్రుళ్లినపుడు వానిలోని రసాయనములు మట్టిలో నింకి, ఇతర వృక్షముల గింజలను సరిగా మొలవనీయవు; మొలచినవాని వేళ్లను సాగనీయవు. దట్టమగు నీడయు దీనికి దోడు. ఎండలు ముదిరినకొలది లేతమొలకలు వాడిపోవును. ఈ పొద మాత్రము మొండిగా బ్రదుకును. పులులు దిరుగు మన యడవులలో నూటికి 40 పాళ్లకు పైగా నిది వ్యాపించినదనియు, భూతాపముతో నింకను బెరుగవచ్చుననియు 2020లో వెలువడిన పరిశోధన తెలుపుచున్నది.

పెద్దలే మిగిలి పసిపిల్లల సందడి లేని యిల్లువలె నా యడవి నాకు దోచెను. దీని పండ్లను పిట్టలు దిని గింజలను దూరముగా జల్లును గదా! ఇల్లు చేరిన మఱునాడే మా కంచెలోని పొదను వేళ్లతో బెరికించి, గోరింట నాటితిని. మీ దొడ్లను గూడ నొకపరి చూచుకొనుడని నా విన్నపము.