నాడీకణం చుట్టూ అల్లుకునే వల

మా మదర్సాలో ప్రతి సంవత్సరం షవ్వాల్ మాసంలో కొత్త ప్రవేశాలు జరుగుతాయి. అప్పుడు తల్లిదండ్రులు మమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటున్నది: “హజ్రత్, పిల్లవాణ్ణి హిఫ్జ్‌లో ఏ వయసులో చేర్చాలి?” మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను జ్ఞాపకం చేసి వారిని పంపివేయవచ్చు. అయితే మొక్క మానుగా మారేటప్పుడు లోపల ఏమి జరుగుతున్నదో తెలుసుకోవాలన్న కుతూహలం మాకు చాలాకాలంగా ఉన్నది. మేము వైద్యులం కాము. చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించినదే ఇక్కడ విన్నవిస్తున్నాము.

మెదడు అనగానే నాడీకణాలే మన తలపునకు వస్తాయి. ఆ కణాల నడుమనున్న చోటు మెదడు ఘనపరిమాణంలో దాదాపు ఐదో వంతు ఉంటుంది. అందులో చక్కెర గొలుసులు, ప్రోటీన్లు కలిసి మెత్తని జిగురు వంటి అల్లికగా ఏర్పడి ఉంటాయి. దీనిని శాస్త్రజ్ఞులు ఎక్స్‌ట్రాసెల్యులార్ మాట్రిక్స్ అంటారు. కణాల వెలుపలి అల్లిక అని మనం చెప్పుకుందాము. మోకాలి కీలులోని ద్రవంలో ఉండే హయలురోనిక్ ఆమ్లమే ఇక్కడా వెన్నెముక వంటిది.

తల్లి గర్భంలో శిశువు మెదడు రూపుదిద్దుకొనే వేళ నాడీకణాలు పుట్టిన చోటనే ఉండిపోవు, తమ తమ స్థానాలకు ప్రయాణించి చేరుకోవాలి. వాటికి దారి చూపేవాటిలో ఈ అల్లికలోకి విడుదలయ్యే రీలిన్ అనే ప్రోటీన్ ఒకటి. అది లోపించిన చిట్టెలుకల మెదడులో పొరల క్రమం తారుమారై, అవి తూలుతూ నడుస్తాయి. ఇది చదివినప్పుడు సుబ్‌హానల్లాహ్ అనకుండా ఉండలేకపోయాము.

శిశువు జన్మించిన తరువాత, బాల్యం గడిచేకొద్దీ, ఈ అల్లిక కొన్ని నాడీకణాల చుట్టూ చిక్కబడి వలలా బిగుసుకుంటుంది. 19వ శతాబ్దం చివరి దశకంలో ఇటలీకి చెందిన కామిల్లో గోల్జీ ఈ వలలను వర్ణించారు. స్పెయిన్ శాస్త్రవేత్త రామన్ ఇ కహాల్ మాత్రం అవి రంగు వేసే పద్ధతి వల్ల కలిగిన భ్రమేనన్నారు. 1906లో నోబెల్ బహుమతిని ఇద్దరూ పంచుకున్నారు గాని, ఈ విషయంలో గోల్జీ మాటే నిలిచింది. పండితుల వాదాలు మా వర్గానికే పరిమితం కావని దీనివల్ల కొంత ఊరట కలిగింది!

ఆ వల చేసే పని చాలాకాలం తరువాత గాని బోధపడలేదు. 1960లలో హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనల ఒక కంటిని కొంతకాలం మూసి ఉంచారు. తెరిచిన తరువాత కన్ను బాగానే ఉన్నా, మెదడు దాని మాట వినడం మానివేసింది. ఎదిగిన పిల్లులకు అదే చేస్తే అట్టి నష్టం కలుగలేదు. అంటే, నేర్చుకొనేందుకు ఒక గడువు ఉన్నది. 2002లో ఇటలీలోని పీసా నగర శాస్త్రవేత్తలు ఎదిగిన ఎలుకల మెదడులో, చూపుకు సంబంధించిన భాగంలో, ఈ వలను ఒక ఎంజైముతో కరిగించగా ముగిసిన గడువు మళ్లీ తెరుచుకున్నది. చీకటిలో పెంచిన జంతువులలోనైతే వల ఆలస్యంగా ఏర్పడుతుంది. చూపే తన వలను అల్లుకుంటున్నదన్నమాట.

అయితే వలను బేడీగా మాత్రమే భావించడం మాకు సమ్మతం కాదు. ఎలుకలలో భయపు జ్ఞాపకాలు సులువుగా చెరిగిపోకుండా ఈ వల కాపాడుతున్నదని 2009లో వెల్లడైంది. దీర్ఘకాలపు జ్ఞాపకాలు ఈ వల రంధ్రాల అమరికలోనే భద్రమై ఉండవచ్చునని రోజర్ త్సియన్ 2013లో ఊహించారు. అది ఇంకా ఊహయే. వీటిని బట్టి హిఫ్జ్‌కు ఫలానా వయసని తీర్పు చెప్పడం తగదు. నలభై దాటిన దుకాణదారులు ఇషా తరువాత మా వద్ద తజ్వీద్ నేర్చుకుంటూనే ఉన్నారు. “హా” పలకడానికి వారికి నెలలు పడుతుంది, అంతే.

కంటి విషయంలో మాత్రం వాయిదా కూడదు. మా మక్తబ్‌లో ఆరేళ్ల బాలుడొకడు ఖాయిదాను పక్కకు తిప్పి చదివేవాడు. కంటి డాక్టరు పరీక్షించి, అది సోమరి కన్ను అని చెప్పి, కళ్లద్దాలతో పాటు బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేయమన్నారు. ఏడేళ్లలోపు ఫలితం మెరుగనీ, తరువాత ప్రయోజనం ఉన్నా నెమ్మదిస్తుందనీ వివరించారు. “చెడిన కంటిని వదిలి మంచి కంటిని మూస్తారా!” అని వాడి దాదీ ఆక్షేపించారు. పెద్దవాడయ్యాక చూద్దామన్నాడు తండ్రి. మేము వారిని కూర్చోబెట్టి పిల్లికూనల సంగతి చెప్పాము. మంచి కన్ను విశ్రమిస్తేనే మెదడు రెండవదాని మాట వింటుందని విన్నాక, దాదీయే మనవడికి పట్టీ అతికించి పంపుతున్నారు.

తోటిపిల్లలు నవ్వకుండా వాణ్ణి మా పక్కన కూర్చోబెట్టుకుంటున్నాము. బా, తా, సా అక్షరాల చుక్కలను ఆ బలహీనమైన కంటితోనే లెక్కపెట్టాలి. మొదటి వారమంతా ఏడ్చాడు. నిన్న “తా” మీద వేలు పెట్టి, పైన రెండు చుక్కలున్నాయని తానే చెప్పాడు. వచ్చే నెల డాక్టరు మళ్లీ చూస్తారు.