గాలొస్తే కరెంటు పోయే ఊరు

మా ఉత్తర కాలిఫోర్నియాలో కరెంటు తీసేస్తారండీ, అదీ ముందుగా మెసేజ్ పెట్టి మరీ! అక్టోబరుకి కొండలన్నీ ఎండుగడ్డే. డయాబ్లో అనే పొడిగాలి వీస్తుంటే ఒక్క నిప్పురవ్వ చాలు. 2018లో కరెంటు తీగను మోసే, దాదాపు నూరేళ్ళనాటి కొక్కెం విరిగి పారడైజ్ ఊరు బూడిదైంది. 85 మంది పోయారు. అందుకే 2019 అక్టోబరులో ఏడు లక్షలకు పైగా కనెక్షన్లు ఆపేశారు.

అప్పుడు మా దిగులంతా ఒంగోలు నుంచి వచ్చిన అత్తయ్యగారి ఇన్సులిన్ గురించే. వాడుతున్న పెన్ను కొన్నాళ్ళు బయటున్నా ఫర్వాలేదు గానీ, తెరవనివి చల్లగా ఉండాలి. అలాగని గడ్డకట్టాయా, ఇక పారెయ్యడమే. తలుపు తెరవకపోతే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. ఆ తర్వాత? పిక్నిక్ పెట్టెలో ఐస్ పోసి, పైన తువ్వాలు మడతపెట్టి, దాని మీద పెన్నులు పేర్చాను. రాత్రంతా లేచి తడిమి చూడటమే పని. ఇడ్లీ పిండి మాత్రం హాయిగా పొంగింది. గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లతో వెలిగించి అందరికీ ఊతప్పాలు వేశాను.

గాలి తగ్గినా కరెంటు వెంటనే రాదు. పగటి వెలుగులో తీగలన్నీ చూసుకుంటే గానీ ఇవ్వరు. "మనకి గాలివాన వచ్చాక పోతుంది, వీళ్ళకి వస్తుందేమోనని పోతుంది" అన్నారు అత్తయ్యగారు.

ఇన్నేళ్ళూ తీగలు బాగుచెయ్యకుండా మా ఇళ్ళలో దీపం ఆర్పడమేమిటని నాకు మండుతుంది. పారడైజ్ గుర్తొస్తే మాత్రం మాట రాదు. సెప్టెంబరు రాగానే ఆ పెట్టె దింపి కడిగి పెట్టుకుంటున్నాను.