కోరంగి రేవు దాకా

కాకినాడ నుంచి యానాం వెళ్లే బస్సు చొల్లంగి దాటాక ఎడమచేతి వైపు మడ అడవి కనిపిస్తుంది. పక్క సీటు పెద్దావిడ అప్పటికే అడిగేసింది, “ఏ ఊరమ్మా మీది?” తాతగారి ఊరు అమలాపురమని చెప్పాను. అక్కడ నేను గడిపినవి వేసవి సెలవులే. నాన్నగారు లెక్కల మాస్టారు. ఆయన ఉద్యోగం వెంట జాంబియాలో లుసాకా, ఒమన్‌లో మస్కట్, మారిషస్‌లో రోజ్ హిల్ తిరుగుతూ పెరిగాను.

కోరంగి పేరు మొదట విన్నది ఆ రోజ్ హిల్‌లోనే. 1843లో ‘కొరింగా ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలను చెరకు తోటలకు తీసుకొచ్చిందని మా తెలుగు మాస్టారు చెప్పారు. తరగతిలో పిల్లలంతా ఇంట్లో క్రియోల్ మాట్లాడేవాళ్లే. అయినా ఉగాదికి ఆ దేశమంతటా సెలవు. సింహాద్రి అప్పన్న పూజలు, రామభజనలు ఏటా జరుగుతాయి. ఆంధ్ర ముఖం చూడని ఆ కుటుంబాల్లో, తమ ఇల్లు ఎక్కడన్న సందేహం నాకెన్నడూ కనిపించలేదు. ఆ సందేహం నాది. వాళ్ల పెద్దలు ఓడెక్కిన రేవు చూస్తే తీరుతుందేమోనని ఇన్నాళ్లకు వచ్చాను.

రేవు లేదు. 1839 నవంబరులో ఉప్పెన ఊరిని ఊడ్చేసింది. ఆ తర్వాత కూడా ఓడలు తిరిగాయి కానీ, గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు మెల్లగా దారి పూడ్చేసింది. ఇప్పుడున్నది 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి. చెక్క వంతెన మీద నడుస్తుంటే, పోటు తీసిన బురదలోంచి గాలి కోసం పైకి పొడుచుకొచ్చిన వేళ్లు కనిపిస్తాయి.

ఈ తీరం నుంచి చాలామంది వెళ్లింది రంగూన్‌కి. ఏ జిల్లా తెలుగువాళ్లనైనా అక్కడ ‘కొరంగీ’లనే పిలిచేవారు. 1930లో రంగూన్ రేవులో వాళ్ల మీద దాడులు జరిగాయి. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు ఎందరో అరకాన్ కొండల మీదుగా కాలినడకన బయల్దేరారు. తిరిగొచ్చి విశాఖలో స్థిరపడిన వాళ్ల పేటకి బర్మా క్యాంపని పేరు. రంగూన్‌లో కోరంగి వాళ్లు, ఇక్కడ బర్మా వాళ్లు! అందరూ ఒకేచోట చేరడానికి స్థలం దొరకడమొక్కటే కారణమని నేననుకోను. రంగూన్ వీధి పేరు చెబితే అవునని తలూపే మనిషి పక్కింట్లో ఉండాలి. లుసాకా వదిలాక నాకు కరువైంది అదే. మస్కట్‌లో బడి దొరికింది, స్నేహితులు దొరికారు. అక్టోబరులో లుసాకా రోడ్ల మీద జకరాండా పూలు ఊదారంగులో పరుచుకునేవంటే, చూశానని చెప్పేవాళ్లు మాత్రం దొరకలేదు.

తాళ్లరేవు వైపు రోడ్డు పక్కన ఒకామె నెత్తళ్లు ఎండబెడుతోంది. లుసాకా సంతలో ఎండు కపెంటా చేపల వాసన అచ్చం ఇదే. అక్కడే నిలబడిపోయాను. ధర అడిగి, మాటల్లో మస్కట్ ప్రస్తావన తెచ్చాను. ఆమె చేతిలో చేట కింద పెట్టేసింది.

“మస్కట్‌లో ఎక్కడండి? నేను రూవీలో ఇంటిపని చేశానండి, ఆరేళ్లు.”

“మేమూ రూవీలోనే. గడియార స్తంభానికి దగ్గర.”

“వాన పడితే వాదీ పొంగి దారులు మూసేసేవోరు కదండీ!”

“బడికి సెలవిచ్చేసేవారు.”

“మావోళ్లకి చెబితే నమ్మరండి, ఎడారిలో వరదేంటంటారు,” అంటూ నీడలోకి పీట జరిపింది. “కూర్చోండి. యానాం బస్సులు ఇంకా బోలెడున్నాయి.”