అచ్చా, రాగి ముక్కా?

పలివెలలో మాది చిన్న యూనిట్. కొబ్బరినూనె సీసాలు చేస్తాం. రేకుల షెడ్డు, రెండు బ్లో మౌల్డింగ్ మిషన్లు, ఒక కంప్రెసర్, ఒక చిల్లర్, అంతే. అంబాజీపేట, కొత్తపేట చుట్టుపక్కల నూనె ఆడించి అమ్ముకునేవాళ్లు మా దగ్గర సీసాలు కొంటారు. మా వీధి ఆడవాళ్లే సీసాల అంచులు కోసి, లెక్కపెట్టి, సంచులు కడతారు. 2023లో మా మౌల్డుకు బిగించాల్సిన రాగి భాగాలు కస్టమ్స్‌లో ఆగిపోయాయి. వారాల తరబడి ఒక మిషను మూతపడింది. అప్పుడు మేం పడ్డ బాధ, అందులోంచి నేను తెలుసుకున్నది, నాలాంటి చిన్న యూనిట్ల వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఆ భాగం ఏమిటో చెప్పాలి. గొడవంతా దాని చుట్టూనే నడిచింది. మిషనులో కరిగిన ప్లాస్టిక్ గొట్టంలా కిందికి దిగుతుంది. రెండు చెక్కలుగా ఉన్న అచ్చు దానిమీద మూసుకుంటుంది. లోపలికి గాలి కొడితే ప్లాస్టిక్ ఉబ్బి అచ్చు గోడలకు అంటుకుని సీసా అవుతుంది. అచ్చు ఒళ్లంతా అల్యూమినియమే. మెడ దగ్గర, అడుగు దగ్గర మాత్రం బెరీలియం కాపర్ ముక్కలు బిగిస్తారు. అక్కడ ప్లాస్టిక్ మందంగా ఉంటుంది, ఓ పట్టాన చల్లారదు. మిగులు ప్లాస్టిక్‌ను కొరికి తెంపాల్సింది కూడా ఆ అంచే. అల్యూమినియం అంచు పెడితే త్వరగా అణిగిపోతుంది, ఉక్కు పెడితే వేడిని తొందరగా లాగదు. రాగిలో దాదాపు 2 శాతం బెరీలియం కలిపిన ఈ లోహం రెండు పనులూ చేస్తుంది.

ఆ ముక్క నా అరచేతిలో ఇమిడిపోతుంది. ఎరుపు కలిసిన బంగారు రంగు. ఒక పక్క అరచందమామలా తొలిచి ఉంటుంది, అది సీసా అడుగు వంపు. ఆ వంపు చుట్టూ వెంట్రుక మందాన అంచు. వెనక నీళ్లు పారడానికి రెండు బెజ్జాలు, వాటి చుట్టూ రబ్బరు రింగు కూర్చునే గాడి, మూలల్లో పిన్నులు దిగే రంధ్రాలు. మా అచ్చుకు తప్ప ఇంకో అచ్చుకు అది పట్టదు.

ఆ అంచు అరిగిపోయింది. సీసా అడుగున సన్నటి గీత పడడం మొదలైంది. నూనె పోసి ఎండ తగిలే చోట పెడితే ఆ గీత వెంట చెమట పట్టినట్టు నూనె ఊరేది. ఒక వ్యాపారి సరుకంతా ఆటోలో వేసి వెనక్కి పంపేశారు. రాజమండ్రిలో లేత్ వాళ్లను అడిగితే, చూసి తిరిగిచ్చేశారు. బెరీలియం పొడి ఊపిరితిత్తుల్లోకి వెళితే తీరని జబ్బు తెస్తుంది. గాలి పీల్చేసే ఏర్పాటు లేని చోట దాన్ని సానపట్టకూడదు. మా ఆపరేటరు కూడా అదే మాట అన్నాడు: “ఆయ్, ఇది మన వల్లయ్యే పని కాదండి. అచ్చు చేసినోళ్లనే అడగాలండి.” అచ్చు చైనాలో చేయించింది. అంతకుముందు ఏడాది కూడా ఇవే భాగాలు వాళ్ల దగ్గరే తెప్పించాం, ఏ ఇబ్బందీ రాలేదు. మళ్లీ ఆర్డరు పెట్టాను.

ఈసారి పెట్టెలో ఆ భాగాలతోపాటు బిగింపు పనిముట్లు కూడా వేశారు: రాగి తల సుత్తి, ఇత్తడి గీకుడు బద్దలు. ఉక్కు సుత్తితో కొడితే, ఉక్కు బద్దతో గీకితే అచ్చు మీద గీతలు పడతాయి, అందుకని మెత్తని లోహం వాడతారు. అయితే పంపినవాళ్లు ఇన్‌వాయిసులో అంతా కలిపి ఒకే లైనులో రాసేశారు: రాగి మౌల్డు భాగాలు, పనిముట్లు, ఒక సెట్టు. ధర కూడా మొత్తానికి ఒకటే. మేం అడిగితే విడివిడి ధరలతో ఇంకో కాగితం పంపారు. మా క్లియరింగ్ ఏజెంటు దాని ప్రకారమే కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి బిల్లు, అంటే బిల్ ఆఫ్ ఎంట్రీ వేశాడు. కస్టమ్స్ టారిఫ్ కోడ్‌లలో అచ్చు భాగాలు 8480లో, చేతి పనిముట్లు 8205లో.

సరుకు తూర్పు తీరంలోని ఒక పోర్టులో దిగింది. కాగితాలు చూసిన అధికారి మాత్రం అక్కడ లేరు. 2020 అక్టోబరు చివరి నుంచి దేశమంతా ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ వచ్చింది. సరుకు ఒక ఊళ్లో ఉంటుంది, బిల్లు కంప్యూటరులో ఇంకో ఊరి అధికారి దగ్గరికి వెళుతుంది. ఆయన పేరు మనకు తెలియదు, మన ముక్కను ఆయన చేత్తో పట్టుకుని చూడలేరు. ఆయన ముందున్నవి ఇన్‌వాయిసులోని మాటలే. ఆ మాటల్లో ముందున్నది రాగి. ప్రశ్న వచ్చింది: ఇవి రాగి వస్తువులు కదా, 7419లో ఎందుకు వేయలేదు?

ఆ ప్రశ్న అన్యాయమని నేననను. రాగి ముక్కను యంత్రభాగమని చెప్పి డ్యూటీ తగ్గించుకునేవాళ్లు ఉండొచ్చు, అడగడం ఆయన విధి. మమ్మల్ని కుంగదీసింది ఆ తర్వాతి నిరీక్షణ. జవాబు పెడితే ఇంకో ప్రశ్న. లోహంలో ఏవి ఎంతెంత ఉన్నాయి? క్యాటలాగు ఉందా? దేనికి వాడతారు? ఒక్కో ప్రశ్నకూ చైనా నుంచి కాగితం రావాలి. ఈలోగా పెట్టె సీఎఫ్‌ఎస్ (కంటైనర్ ఫ్రైట్ స్టేషన్) గోదాములో ఉంది. మొదటి కొన్ని రోజులు అద్దె ఉండదు. ఆ తర్వాత రోజుకింత, ఇంకొన్నాళ్లు దాటితే రోజుకు ఇంకా ఎక్కువ.

ఇక్కడ డబ్బు లెక్క చూడండి. అప్పటి రేట్ల ప్రకారం 8480కి మూల కస్టమ్స్ సుంకం 7.5 శాతం, 7419కి 10 శాతం. ఆ సుంకం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి. అన్నీ కలిపిన మొత్తం మీద 18 శాతం ఐజీఎస్టీ. లక్ష రూపాయల సరుకనుకుంటే, 8480లో సుంకం 7,500, సర్‌ఛార్జి 750, ఐజీఎస్టీ 19,485. మొత్తం 27,735 రూపాయలు. అదే 7419లో అయితే 10,000, 1,000, 19,980, మొత్తం 30,980. తేడా 3,245. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకు ఐజీఎస్టీ తిరిగి జమవుతుంది కాబట్టి అసలు భారం లక్షకు 2,750 రూపాయలే. గోదాము అద్దె ఈ తేడాను ఎప్పుడో దాటిపోయింది.

అందుకే ఏజెంటు ఫోన్ చేసి, “మేడమ్, 7419 ఒప్పుకుంటున్నామని ఒక లెటర్ ఇచ్చేయండి. తేడా కట్టేద్దాం. రెండు రోజుల్లో పెట్టె బయటికొచ్చేస్తుంది” అన్నాడు. ఇంట్లోవాళ్లూ ఇచ్చేయమనే అన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. రోజూ సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు, “అక్కా, రేపు రమ్మంటావా?” అని ఆడవాళ్లు అడిగేవారు. ఒక మిషను మీద అందరికీ పని చాలదు. సగంమందిని రమ్మని, సగంమందిని వద్దనడం నా నోటితోనే జరిగేది. ఆ ఇళ్లలో కూలి డబ్బు ఏ పొద్దుది ఆ పొద్దే ఖర్చవుతుందని నాకు తెలుసు. బ్యాంకు వాయిదా తేదీ మాత్రం ఆగదు. నా గొలుసు తాకట్టుకు వెళ్లింది. ఏళ్ల తరబడి మా దగ్గర కొన్న ఒకాయన, “ఏమనుకోకండమ్మా, పండగ ముందు సీసాల్లేకుండా కూర్చోలేను” అని చెప్పి హైదరాబాదు నుంచి తెప్పించుకున్నారు. ఆయన మాటలో కోపం లేదు, అదే నాకు ఎక్కువ నొప్పి కలిగించింది.

లెటరు ఇచ్చేముందు మా మామయ్యగారు నన్ను అమలాపురం తీసుకెళ్లారు. అక్కడ ఆయన స్నేహితులు ఒకరున్నారు, సెంట్రల్ ఎక్సైజ్‌లో చేసి రిటైరయ్యారు. కాగితాలన్నీ చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “కిందటేడు ఇవే భాగాలు ఏ కోడ్‌లో వచ్చాయమ్మా?” 8480లో అన్నాను. “అయితే ఈ లెటరు ఖరీదు ఈ పెట్టెతో తీరదు” అన్నారు. తక్కువ కట్టిన డ్యూటీకి కస్టమ్స్ మామూలుగా రెండేళ్ల వెనక్కి వెళ్లి నోటీసు ఇవ్వొచ్చు. దాచిపెట్టారని తేలిస్తే అయిదేళ్లు. ఈరోజు రాగి ముక్కేనని నేను సంతకం పెడితే నిరుడు తెచ్చిన దానికీ నేనే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. పైగా రాగి సరుకులుండే చాప్టర్ 74లోని అనేక సరుకులకు 2021 ఏప్రిల్ నుంచి దిగుమతికి ముందే ఆన్‌లైన్‌లో నమోదు తప్పనిసరి చేశారు. అది చేయించారా అనే ప్రశ్న కూడా వెంట రావచ్చు.

ఆయన ఇంకో సంగతి చెప్పారు. దిగుమతిదారు వేసిన కోడ్‌ను అధికారి మారిస్తే, కస్టమ్స్ చట్టం 17వ సెక్షన్ 5వ ఉపసెక్షన్ ప్రకారం పదిహేను రోజుల్లోగా కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. దిగుమతిదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే మాత్రం ఆ ఉత్తర్వు అక్కర్లేదు. ఆ ఉత్తర్వు చేతిలో ఉంటే అరవై రోజుల్లోగా కమిషనర్ అప్పీల్స్‌కు వెళ్లొచ్చు. డ్యూటీ కట్టేసి, తర్వాత రీఫండ్ అడుగుదామనుకుంటే కుదరదు. అసెస్‌మెంటును అప్పీలులోనో, చట్టంలో ఉన్న ఇంకో దారిలోనో మార్పించుకోకుండా రీఫండ్ ఇవ్వడానికి వీల్లేదని 2019లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రెండు రోజుల్లో పెట్టె తెస్తానన్న ఆ లెటరు నా దారులన్నీ మూసేదన్నమాట.

“రేట్ల పట్టిక తర్వాత చూద్దువుగాని, ముందు విభాగాల మొదట్లో ఉన్న నోట్సు చదువు” అని ఆయన టారిఫ్ పుస్తకం నా ముందు పెట్టారు. సరుకు ఏ పద్దులోకి వెళ్లాలో మొదట తేల్చేవి శీర్షికల్లోని మాటలు, ఆ నోట్సు. ఇనుము, రాగి వంటి లోహాలున్న 15వ విభాగం మొదటి నోటులోనే ఉంది: యంత్రాలున్న 16వ విభాగానికి చెందిన వస్తువులు ఇందులోకి రావని. అంటే దేనితో చేశారన్నది తర్వాతి మాట, ముందు అదేమిటో తేలాలి. 16వ విభాగం రెండో నోటు, ఒక యంత్రానికే ప్రధానంగా పనికొచ్చే భాగం ఆ యంత్రంతోపాటే వెళ్లాలంటుంది. అచ్చు యంత్రమా అని అడిగితే అయిదో నోటు జవాబిస్తుంది: 84, 85 చాప్టర్ల శీర్షికల్లో చెప్పిన పరికరాలన్నీ ఈ నోట్సు వరకు యంత్రాలే. ప్లాస్టిక్ అచ్చులు 8480 శీర్షికలో పేరుతోనే ఉన్నాయి. ఇంత స్పష్టంగా ఉన్న సంగతి అన్ని రోజులూ నాకెవరూ చెప్పలేదే అని దుఃఖం వచ్చింది.

ఆ రాత్రి జవాబు రాశాం. అరిగిన పాత భాగాన్ని అచ్చులోంచి విప్పి, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీశాం. బిగించినప్పుడు ఒకటి, విప్పాక ఒకటి, వెనక నీటి బెజ్జాలు కనపడేలా ఇంకొకటి. అచ్చు డ్రాయింగులో పిన్ను రంధ్రాల మధ్య దూరం, కొత్త భాగం డ్రాయింగులోని దూరం ఒకటేనని ఎర్ర సిరాతో గుర్తుపెట్టాం. చార్టర్డ్ ఇంజినీరు ఒకరు షెడ్డుకొచ్చి చూసి సర్టిఫికెట్ ఇచ్చారు. సుత్తి, బద్దలు చేతి పనిముట్లేనని, వాటిని అచ్చు పద్దులో మేం అడగలేదని విడిగా రాశాం. చివర్న రెండు విన్నపాలు పెట్టాను. కోడ్ మార్చదలిస్తే కారణాలతో ఉత్తర్వు ఇవ్వండి. నిర్ణయానికి సమయం పడుతుందంటే 18వ సెక్షన్ కింద బాండు తీసుకుని తాత్కాలిక అసెస్‌మెంటుతో సరుకు వదలండి.

ఏజెంటుకు అది నచ్చలేదు. “ఆఫీసుకు ఇలా రాస్తే కోపాలొస్తాయి మేడమ్” అన్నాడు. పంపకపోతే ఇంకో ఏజెంటును చూసుకుంటానన్నాను, పంపాడు. పెట్టె తెరిచి చూడమని పోర్టుకు ఉత్తర్వు వచ్చింది. అక్కడి అధికారి భాగాలను మా డ్రాయింగుతో పోల్చి, ఫొటోలు తీసి రిపోర్టు పెట్టారు. ఒకరు చేత్తో పట్టుకుని చూశాక ఇక ప్రశ్న రాలేదు. అచ్చు భాగాలు 8480లోనే, పనిముట్లు 8205లోనే తేలాయి.

గోదాము అద్దె మాత్రం నేనే కట్టాను. మేం వేసిన కోడ్ సరైనదే అయినా ఆ డబ్బు తిరిగి రాలేదు. హైదరాబాదు వెళ్లిన వ్యాపారి తిరిగి రాలేదు, ఆయన స్థానంలో మరొకరు రావడానికి చాలాకాలం పట్టింది. పని మానుకున్న ఇద్దరు అరటి గెలల లోడింగుకు వెళ్లిపోయారు.

చిన్న యూనిట్ నడిపేవాళ్లకు చెబుతున్నాను. ఇన్‌వాయిసులో ఒక్కో వస్తువుకు ఒక్కో లైను, ఒక్కో ధర రాయించండి. ఏ యంత్రానికి, ఏ అచ్చుకు అనేది అందులోనే ఉండాలి. డ్రాయింగు సరుకు కంటే ముందు మీ చేతికి రావాలి. ఒకే భాగం ఏటా తెప్పించుకునేవాళ్లయితే అది ఏ కోడ్‌లోకి వస్తుందో ముందస్తు తీర్పు అడగొచ్చు. ఢిల్లీ, ముంబైలలో దానికి అథారిటీలున్నాయి. రుసుము 10,000 రూపాయలు, మూడు నెలల్లో తీర్పు చెప్పాలి, అది కొన్నేళ్లు చెల్లుతుంది. తొందరలో ఒప్పుకోలు లెటరు మాత్రం చదవకుండా సంతకం పెట్టకండి.

ప్రభుత్వానికి కూడా ఒక మాట. పెద్ద కంపెనీకి ఈ నోట్సు చదివే మనుషులు జీతం మీద ఉంటారు. పలివెలలో సీసాలు చేసేవాళ్లకు ఉండరు. జిల్లా పరిశ్రమల కేంద్రంలో వారానికొక రోజైనా టారిఫ్ తెలిసినవాళ్లు కూర్చుని తెలుగులో చెబితే, ఎన్నో పెట్టెలు గోదాముల్లో మగ్గవు. ఫోన్ చేసి అడిగిన ప్రతివారికీ నేను ఆ మూడు నోట్లూ చదివి వినిపిస్తున్నాను. ఆ పని చేయాల్సింది మాత్రం సర్కారు.