కన్నడ అక్షరాల్లో తెలుగు నాటకం

మాది బళ్లారి, గాంధీనగర్. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, అంగడి వీధిలో ఎవరికి ఏది వస్తే అది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటుపక్క చేరాయి. బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. సరిహద్దు గీత కదిలింది గానీ మా ఇండ్లు కదల్లేదు. మేము చదివిన కాలేజీలో తెలుగు సంఘం ఉండేదానికి కారణం ఇదే. ఉగాదికి ఒక నాటకం, ఏడాదికి రెండు మూడు సభలు, అంతే దాని పని.

ఆ సంఘం కరోనా కాలంలో ఆగిపోయింది. ఎవరూ మూసెయ్యలేదు, గొడవలూ పడలేదు. డిగ్రీ అంటే మూడేళ్లు. మేకప్ ఎవరు వేస్తారు, మైకు సెట్టు ఎక్కడ తేవాల, ప్రిన్సిపాల్‌ను ఏ నెలలో అడగాల, ఇవన్నీ పైతరగతి వాళ్లు కిందివాళ్లకు చెప్పి పోతారు. రెండేళ్లు రిహార్సల్ లేకపోతే చెప్పేవాళ్లు వెళ్లిపోతారు, వినాల్సినవాళ్లు రానే రారు. కాలేజీ మళ్లీ తెరిచినాక మిగిలింది ఒక బీరువా. అందులో రెండు కిరీటాలు, ఒక గద, మెంబర్ల పేర్ల రిజిస్టరు.

మళ్లీ నిలబెడదామని పాత విద్యార్థులం పన్నెండు మందిమి చేరాం. ఎక్కువ మందికి బెంగళూరులో ఉద్యోగాలు. శుక్రవారం రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి బళ్లారి. గాంధీనగర్‌లో మా మేడ మీదే కూర్చునేవాళ్లం. డబ్బు సంగతి ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. తేలనిది ఇంకోటి. పాత నియమం ప్రకారం సంఘంలో చేరేవాళ్లకు తెలుగు చదవడం, రాయడం రావాల. చేరతామని వచ్చిన పద్నాలుగు మంది పిల్లల్లో అది వచ్చినవాళ్లు ముగ్గురే. మిగతావాళ్లు మాలాగే కన్నడ మీడియం, లేదంటే ఇంగ్లీషు. మాకైతే తాత పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించినాడు. ఈ పిల్లల ఇండ్లలో ఇప్పుడు అట్లా దిద్దించేవాళ్లు లేరు.

డైలాగులు కన్నడ లిపిలో రాసిద్దాం అన్నాం మేము. మాకంటే పదేళ్లు పెద్దవాడైన ఒక అన్న గట్టిగా అడ్డుపడ్డాడు. "లిపి కూడా ఇడిసిపెడితే ఇంక తెలుగు సంఘమని బోర్డు ఏంటికప్పా? ఈ పొద్దు అక్షరం పోతాది, రేపు మాట పోతాది" అన్నాడు. కొట్టిపారేసే మాట కాదది. లిపి రానివాళ్లకు తెలుగులో కథల పుస్తకం లేదు, తాత రాసిన పాత ఉత్తరమూ లేదు.

మేము చెప్పింది మా ఊరి సంగతి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభ పెట్టి, 1887లో చిత్రనళీయం ఆడించింది బళ్లారిలోనే. ఆయన కన్నడంలోనూ నాటకాలు రాశాడు. కోలాచలం శ్రీనివాసరావు నడిపిన సుమనోరమ సభ కూడా ఇక్కడిదే. ఆచార్యుల మేనల్లుడు బళ్లారి రాఘవ తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింట్లోనూ వేషం కట్టాడు. పక్కభాషను గడప బయట నిలబెట్టి ఈ ఊరి తెలుగు నాటకం ఎప్పుడూ బతకలేదు. ఇప్పుడు పదకొండు మంది పిల్లల్ని గడప బయట నిలబెడితే లోపల ఆడేదానికి ఎవరుంటారు?

చివరికి ఒక మాట మీదికి వచ్చాం. మొదటి ఏడాది కన్నడ లిపిలోనే డైలాగులు, దాంతోపాటు ఆదివారం ఒక గంట తెలుగు అక్షరాలు. గ, జ, ర, ల చూడగానే పట్టేశారు. క, త, శ దగ్గర తడబడ్డారు.

రిహార్సల్‌లో ఇంకో సంగతి తెలిసింది. "చాలు", "చదువు" లాంటి మాటలను పిల్లలు కన్నడ "చ"తో పలికారు. ఇంట్లో అమ్మతో సరిగ్గానే అంటారు, కాగితం చూస్తే నాలుక మారిపోతాది. అయితే మనం రోజూ రాసుకునే తెలుగులో కూడా "చాలు"కీ "చీర"కీ ఒకటే "చ". ఏ లిపిలో రాసినా ఆ పలుకు ఎదురుగా కూర్చున్న మనిషి నోటి నుంచే రావాల. మా అవసరం చందా కంటే అక్కడే ఎక్కువని అర్థమైంది. అందుకే డబ్బులు పంపి ఊరుకోకుండా వంతులు వేసుకుని రైలెక్కాం.

ఉగాదికి నాటకం ఆడారు. ఆ అన్న రాలేదు. కానీ ఆయన పంపిన పార్సిల్ వచ్చింది. అందులో పద్నాలుగు పెద్దబాలశిక్షలు ఉన్నాయి.

బీరువా తాళం ఫైనల్ ఇయర్ వాళ్లకు ఇవ్వలేదు, సెకండ్ ఇయర్ వాళ్లకు ఇచ్చాం. నేర్పేదానికి ఒక ఏడాది చేతిలో ఉండాల కదా. ఏ పని ఎట్లా చేయాలో రిజిస్టరులో పిల్లల చేతనే రాయించాం. సగం తెలుగు లిపిలో ఉంది, సగం కన్నడ లిపిలో ఉంది. ఏ నాటకం ఆడాలనేది వాళ్ల ఇష్టం. మా పన్నెండు మందికి ఓటు లేదు, పిలిస్తే పోతాం.

హోసూరు, షోలాపూర్, బరంపురం, ఎక్కడున్నా మీ ఊర్లోనూ ఇట్లాంటి సంఘం ఒకటి ఆగిపోయి ఉండొచ్చు. ముందు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. తర్వాత ఇద్దరు పిల్లల్ని పిలిచి ఒక సీను చదివించండి. వాళ్లకు ఏ అక్షరాలు వస్తే ఆ అక్షరాల్లోనే రాసివ్వండి, పక్కన మాత్రం మీరు కూర్చోండి.