మిట్టమధ్యాహ్నం ఆగిపోయే బండి

ఏప్రిల్ నెల వచ్చిందంటే సంఘకాపరి దగ్గరకు వచ్చే విన్నపములు మారిపోతాయి. పరీక్షల కొరకు ప్రార్థించమనేవారు తగ్గి, ఎండకు సొమ్మసిల్లిన పెద్దవారి కొరకు ప్రార్థించమనేవారు ఎక్కువవుతారు. వారి వెనుక మరొక వరుస ఉంటుంది. ఆరాధన ముగిసిన తరువాత గుమ్మం దగ్గర నిలబడి, "అయ్యగారూ, బండి ఎండకు ఆగిపోతోంది, ఏమి చేయమంటారు?" అని అడిగే యౌవనస్థులు. ఇరవై యేండ్లుగా మోటారు సైకిలు మీదనే సంఘములు తిరుగుతున్నవాడిని గనుక నన్ను అడుగుతారు.

మా సంఘములో ఒక సహోదరి ఉన్నారు. ఆమె భర్త సువార్తికుడు, ప్రభువునందు నిద్రించి నాలుగేండ్లయింది. ఆయన నడిపిన 350 బుల్లెట్టు, ఇనుప సిలిండరు ఉన్న పాత రకం, అశోక్ నగర్‌లోని వారి ఇంటి మెట్ల క్రింద ఉంటుంది. కుమారుడు సుల్తాన్ బజార్‌లో ఒక బట్టల దుకాణంలో పని చేస్తాడు. ఉదయం చిక్కడపల్లి, నారాయణగూడ మీదుగా వెళ్ళేటప్పుడు బండికి ఏ లోపమూ లేదు. మధ్యాహ్నం దుకాణం మూటలు దర్జీలకు చేర్చడానికి రెండు మూడుసార్లు తిరిగేసరికి దగ్గి దగ్గి ఆగిపోతుంది. అరగంట నీడలో పెడితే ఏమీ ఎరుగనట్టు లేస్తుంది. రెండుసార్లు సరుకు ఆలస్యమై, మూడోసారి ఇలా జరిగితే వేరే పని చూసుకోమని యజమాని చెప్పాడు.

ఒక మెకానిక్కు చూసి, ఇంజను అరిగిపోయింది, బోరు చేయించి పిస్టను మార్చాలి, పన్నెండు వేలవుతుంది అన్నాడు. మరొకడు కార్బొరేటరు మార్చమన్నాడు. పొరుగాయన మాత్రం, పాత బండ్లన్నీ ఎండాకాలం ఇంతే, అమ్మేయండి అని చెప్పి, కొనేవాడిని కూడా తానే తెచ్చాడు. పదిహేను వేలకు బేరం కుదిరి, రెండు వేలు అడ్వాన్సు ఆమె చేతికి వచ్చిన తరువాత ఈ సంగతి నాకు తెలిసింది. కుమారుడు కొత్త బండికి అప్పు చేస్తానంటాడు. అప్పు వద్దని తల్లి కన్నీళ్ళు. ఇంట్లో నాలుగు రోజులుగా కుటుంబ ప్రార్థన కూడా జరగలేదట.

యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు మొదటి ఏడు దినములు నోరు విప్పకుండా కూర్చున్నారు. ఆ ఏడు దినములే వారు చేసిన మంచి పని అని నా అభిప్రాయం. నోరు విప్పిన తరువాత ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం చెప్పారు, సరిగా చూసిన వారు ఒక్కరూ లేరు. ఈ బండి విషయంలోనూ అలాగే జరిగింది. చెప్పిన ముగ్గురిలో ఎవరూ బండి ఆగిపోయిన గడియలో దాని దగ్గర లేరు. అందరూ చల్లబడిన బండినే చూశారు.

ఎండ అన్ని ఇంజన్ల మీదా కొంత పని చేసే మాట నిజమే. 20 డిగ్రీల గాలి కన్న 40 డిగ్రీల గాలి నూటికి ఆరు వంతులు పలుచన. కార్బొరేటరుకు ఆ సంగతి తెలియదు, పెట్రోలు తగ్గించదు. అందుచేత బలం కొంచెం తగ్గుతుంది. కాని బండి ఆగిపోదు. నీళ్ళ రేడియేటరు లేని ఇంజనుకు సిలిండరు చుట్టూ ఉన్న రెక్కలే ఆధారం, ఆ రెక్కలకు వీచే గాలే ఆధారం. ఆయిలు, దుమ్ము కలిసి రెక్కల సందుల్లో గట్టిపడితే అది కంబళి కప్పినట్టే. ముందు గార్డుకు సంచులు వేలాడదీసినా అంతే. కిరోసిను, పాత బ్రష్షు ఉంటే గంటలో శుభ్రమవుతుంది, అదీ ఇంజను చల్లబడిన తరువాత. కొందరు కాలుతున్న ఇంజను మీద చెంబుతో నీళ్ళు పోస్తారు. దయచేసి ఆ పని చేయకండి, కాలిన లోహము పగులుతుంది.

"పెట్రోలు ఆవిరై పైపులో అడ్డుపడుతోంది" అనే మాట కూడా తరచుగా వింటాము. అది అంబాసిడరు కారు నాటి జ్ఞాపకం. దాని పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి నడిపిన డ్రైవర్లను మన పెద్దలు చూశారు. మన బుల్లెట్టుకు పంపు లేదు. పెట్రోలు ట్యాంకు నుండి తన బరువుతోనే దిగుతుంది. దానికి అడ్డంకి సాధారణంగా ట్యాంకు మూతలోని చిన్న రంధ్రం మూసుకుపోవడం. లోపలికి గాలి రాకపోతే పెట్రోలు దిగదు. ఆగిన వెంటనే మూత తెరవండి. గాలి పీల్చుకున్న చప్పుడు వచ్చి, బండి లేచిందా, జబ్బు అక్కడే ఉంది.

పుత్లీబౌలి వైపు పాత బండ్లు బాగుచేసే ఒక వృద్ధ ఉస్తాదును అడిగాను. ఆయన బండిని చూపించమని కూడా అనలేదు. "పాస్టర్ సాబ్, ఠండీ బండిలో ఏం కనిపిస్తుంది? గరం అయి ఆగిన చోటే ప్లగ్గు విప్పండి" అని, ఒక కొత్త కండెన్సరు నా చేతిలో పెట్టాడు. దాని వెల రెండు వందల లోపే.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు నేను ఆ అబ్బాయి వెనుక కూర్చున్నాను. 2020 నుండి మెట్రో రైలు నడుస్తున్న ఆ మార్గములో స్తంభాల ప్రక్కన బండ్లు నత్తనడకన కదులుతాయి. నడక నెమ్మదైతే రెక్కలకు గాలి ఉండదు. సుల్తాన్ బజార్ స్టేషను చేరకముందే దగ్గు మొదలై, స్టేషను మెట్ల దగ్గర ఆగిపోయింది. మూత తెరిచాము, చప్పుడు లేదు. పైపు లాగి చూశాము, పెట్రోలు చక్కగా దిగుతోంది. కాక్ కట్టేసి, మూత బిగించి ప్లగ్గు విప్పాము. తడిగా ఉంది. అంటే పెట్రోలు చేరుతోంది, అంటుకోవడం లేదు. ప్లగ్గును దాని రంధ్రానికి దూరంగా, ఇంజను లోహానికి ఆనించి కిక్కు కొడితే నీలంగా రావలసిన నిప్పు పసుపుపచ్చగా, దారపు పోగంత వచ్చింది. పాయింట్ల మూత తీసి మళ్ళీ కొట్టాము. ప్లగ్గు దగ్గర లేని మెరుపు పాయింట్ల దగ్గర కనిపించింది.

పాయింట్లు తెరుచుకొనే క్షణములో కరెంటు అక్కడే మెరిసి వృథా కాకుండా పట్టుకొనేది కండెన్సరు. బొటనవ్రేలంత డబ్బీ. లోపల రేకు పొరల మధ్య ఉన్న అడ్డు పాతబడితే వేడికి పని మానుతుంది, చల్లబడితే మళ్ళీ పని చేస్తుంది. అందుకే ఇంటి దగ్గర ఎవరికీ దొరకలేదు. రుమాలు చుట్టుకొని పది నిమిషాలలో కొత్తది బిగించాము. ఇంజను చెయ్యి పెట్టలేనంత వేడిగానే ఉంది. రెండో కిక్కుకు లేచింది. పాతదాన్ని మళ్ళీ బిగించి ఆగుతుందేమో చూద్దాం, అప్పుడు అనుమానం పూర్తిగా తీరుతుంది అన్నాను. అబ్బాయి చేతులు జోడించాడు, మూట ఇవ్వవలసిన వేళ అయింది.

అతడు మూట ఇచ్చి వచ్చేవరకు ఆ మెట్ల నీడలో నిలబడి సుఖారు బావి సంగతి ఆలోచించాను. ఆ స్త్రీ ఎవరూ రాని మధ్యాహ్నపు వేళ నీళ్ళకు వచ్చింది. ప్రభువు ఆ వేళకే అక్కడ కూర్చుని ఉన్నాడు. మేము కాపరులము ఆదివారం ఉదయం విశ్వాసులను చూస్తాము. ఇస్త్రీ బట్టలు, తల దువ్విన పిల్లలు, "బాగున్నాము అయ్యగారూ" అనే జవాబు. ఆ ఇంట్లో తల్లీ కొడుకుల మాటలు ఆగిపోయేది ఆదివారం కాదు, అతడు చెమటతో, ఆలస్యంగా, యజమాని మాటలు పడి ఇంటికి వచ్చిన సాయంత్రము. కాబట్టి ఈ మధ్య నా దర్శనములను ఆ వేళకు మార్చుకున్నాను. కొన్ని ఇండ్లలో టీ కూడా దొరకదు. ఫరవాలేదు.

ఇంకొక మాట. మన దేశములో పెట్రోలులో ఇథనాలు 2025 నాటికి 20 శాతానికి చేరింది. దాని వలన పాత కార్బొరేటరు బండ్లలో మిశ్రమం కొంత పలుచబడి, ఇంజను వేడెక్కవచ్చు. పాత రబ్బరు పైపులు కూడా చెడిపోవచ్చు. ప్లగ్గు మొన లేత గోధుమరంగులో ఉంటే మంచిది. తెల్లగా పాలిపోతే మెయిన్ జెట్టు పెంచే విషయం మెకానిక్కుతో మాట్లాడండి. నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. ట్యాపెట్లు ఇంజను చల్లగా ఉన్నప్పుడే సరిచూడాలి. ఈ పాత బుల్లెట్టుకు పుష్‌రాడ్డు వ్రేళ్ళతో తిరగాలి, పైకీ క్రిందికీ ఆడకూడదు. ఏది చేసినా ఒకసారికి ఒక్కటే మార్చండి. నాలుగూ కలిపి మారిస్తే ఏది కుదిర్చిందో ఎప్పటికీ తెలియదు, నాలుగింటికీ డబ్బు కట్టవలసి వస్తుంది.

ఆ సాయంత్రము వెల చెబితే సహోదరి చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "మరి పన్నెండు వేలన్నాడే, అయ్యగారూ?" అన్నారు. పొగ గొట్టములో నీలం పొగ లేదు, కిక్కుకు గట్టిదనము ఉంది, బోరు ఇప్పుడు అవసరం లేదని చెప్పాను. ఆమె బైబిలు సంచిలో దాచిన రెండు వేలు తీసి కుమారునికి ఇచ్చారు. తిరిగి ఇవ్వడానికి అతడు మరునాడు మధ్యాహ్నం భోజనపు విరామంలో ఆ బండి మీదనే వెళ్ళాడు. ఆయిలు కారడం ఒకటి మిగిలి ఉంది. అది వానలు పడిన తరువాత చూద్దామని ఉస్తాదు అన్నాడు.