ఇంకా సెటిల్ కాలేదా?

కిరండూల్ రైలు ఘాట్ ఎక్కుతోంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లల కేకలు. కిటికీ పక్కనున్న మనవరాలు మాత్రం ఉలకడం లేదు, పలకడం లేదు. ముందురోజు పెళ్లింట్లో చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న... 'ముప్ఫై వస్తున్నాయి, ఇంకా చదువేనా? ఎప్పుడమ్మా సెటిలయ్యేది?'

ఫిజిక్స్‌లో పరిశోధన మొదలుపెట్టి నాలుగేళ్లయింది. 'మానేయమంటావా?' అని రాత్రే తాతయ్యను అడిగింది. రిటైరైన సైన్సు మాస్టారు ఆయన. 'పొద్దున్నే అరకు వెళ్దాం, పద' అన్నారంతే.

అరకులో దిగాక రోడ్డు పక్కన ఓ రాయి తీసి ఆమె చేతిలో పెట్టారు.

'ఖోండలైట్. 1902లో ఖోండు గిరిజనుల పేరే దీనికి పెట్టారు. ఎర్రటి గింజలు గార్నెట్. ఈ సన్నటి పీచులు సిల్లిమనైట్. భూమి లోతుల్లో విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో పుట్టింది. ఇక్కడి చల్లదనానికి ఇందులోని అణువులు అమరిక మార్చుకుని కయనైట్ కావాలి. సుమారు వంద కోట్ల ఏళ్లయినా కాలేదు. దీన్నెవరైనా సెటిలయ్యావా అని అడిగారా?'

ఆమె నవ్వింది. 'మెటాస్టేబుల్ అంటారు. నేను చేసేదీ అదే తాతయ్యా!'

కాఫీ చల్లారేదాకా చెప్పింది. టంగ్‌స్టన్ డైసల్ఫైడ్... బల్బు తీగలోని టంగ్‌స్టన్, గంధకం కలిసిన స్ఫటికం. పూతరేకుల్లా పొరలు పొరలుగా ఉంటుంది. మామూలు రకం సెమీకండక్టర్. 2019లో చైనా శాస్త్రవేత్తలు దాన్నే పొటాషియంతో కలిపి పెంచి, ఆ తర్వాత పొటాషియాన్ని తీసేశారు. పొరల్లో అణువుల కొత్త అమరిక మాత్రం అలాగే నిలిచిపోయింది. దాన్ని మైనస్ 264 డిగ్రీలకు చల్లబరిస్తే సూపర్ కండక్టర్! కరెంటు ఏ నిరోధమూ లేకుండా ప్రవహిస్తుంది. 1911లో పాదరసంలో మొదటిసారి కనిపించిన వింత ఇదే.

'అయితే మన ఇంటి కరెంటు తీగలు దీంతోనే చేస్తారా?'

'అంత చలి ఎక్కడి నుంచి తేవాలి? అమరిక మారితే ఈ గుణం ఎందుకొస్తుందో తెలిస్తే, మరో పదార్థంలో వెతకొచ్చు. దొరక్కపోవచ్చు కూడా.'

'మరి దీన్ని వేడి చేస్తే?'

'మామూలు రకంగా మారిపోతుంది. పూర్తిగా సెటిలవుతుంది. ఆ గుణం పోతుంది.'

చెప్పి తనే ఆగిపోయింది. మాస్టారు ఏమీ అనలేదు. రెండో కాఫీ చెప్పారు.

అంతలో ఫోను. పిన్ని. మళ్లీ అదే ప్రశ్న.

'లేదు పిన్నీ, ఇంకా కాలేదు. సోమవారం ల్యాబుకు వెళ్తున్నా' అంది. రాయిని కొంగున తుడిచి బ్యాగులో వేసుకుంది.